సుద్దముక్కల్లో దొరికిన బిళ్ళ

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక గిన్నెలు కడిగి బోర్లించి, చేతులు తడి లేకుండా తుడుచుకుని, మందుల డబ్బా ముందేసుకుని కూర్చునేదాన్ని. ఏడు గదుల ప్లాస్టిక్ డబ్బా అది. గదికో మూత, మూత మీద వారం పేరు. ఒక్కో గదిలో నాలుగు బిళ్ళలు పడాలి. పసుపుది ఒకటి, పొడుగాటిది ఒకటి, సగానికి విరిచి వెయ్యాల్సింది ఒకటి, మధ్యలో గీతతో తెల్లగా గుండ్రంగా ఉండేది ఒకటి. ఆ తెల్లదాన్ని చేతిలో పట్టుకుని చూపించి మరీ చెప్పారు డాక్టరుగారు.

"మిగతావి ఓ పూట అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చమ్మా. ఇది మాత్రం ఒక్క రోజు కూడా తప్పకూడదు. గుండెలో వేసిన స్టెంటులో రక్తం గడ్డకట్టకుండా ఆపేది ఇదే."

అలా నలభై మూడు ఆదివారాలు నింపాను.

ఇప్పుడు నింపడానికేమీ లేదు. అయినా ఆదివారం వచ్చేసరికి చెయ్యి ఆ అల్మారా మీదికే పోయేది. ఏడు మూతలూ తెరిచి, ఒక్కో గదిలో వేలు పెట్టి మూలమూలలా తడిమి, సబ్బునీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో ఒత్తి, మూతలు మూసి మళ్ళీ అక్కడే పెట్టేదాన్ని. ఖాళీ డబ్బాని వారం వారం కడగడమేమిటని మా తోడికోడలు ఒకసారి అడిగింది. దుమ్మన్నాను. దుమ్ము కాదు. ఏమిటో చెప్పాలంటే ముందు ఆయన్ని చెప్పాలి.

ఆయన కటింగ్ మాస్టర్. కుట్టేవాళ్ళు వేరు, కత్తిరించేవాళ్ళు వేరు. ఆయన మిషను జోలికి పోయేవారు కాదు. మా ఇంటి ముందుగదే ఆయన పని గది. తలుపంత బల్ల, దాని మీద గుడ్డ తాను పరిచి, సుద్దతో గీసి, మోచెయ్యంత కత్తెరతో కోసుకుంటూ పోయేవారు. నాలుగు దుకాణాలవాళ్ళు గుడ్డ తెచ్చి పడేసి, కోసిన ముక్కలు కట్టకట్టి తీసుకెళ్ళేవారు. మెడలో టేపు, పెదాల మధ్య నాలుగు గుండుసూదులు, జేబులో సుద్దముక్కలు. ఇదీ మనిషి. సూదులు నోట్లో పెట్టుకునే మాట్లాడేవారు. ఆ మాట నాకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. కొత్తగా వచ్చినవాళ్ళు వంటింటి వైపు చూసేవారు, నేను వచ్చి చెప్పేదాన్ని.

వీధిలో ఆయన్ని అరంగుళం మాస్టారు అనేవారు. ఎవరు ఏ కొలత ఇచ్చినా కుట్టు లోపల ఓ అరంగుళం గుడ్డ ఎక్కువ వదిలేవారు. మనిషన్నాక ఓ ఏడాది ఒళ్ళు చేస్తాడు, ఓ ఏడాది తగ్గుతాడు, బట్ట కూడా కాస్త ఓర్చుకోవాలి అనేవారు. ఒక దుకాణదారుడికి అది కడుపుమంట.

"మాస్టారూ, మీరు లోపల దాచిన అరంగుళాలన్నీ కలిపితే నాకింకో చొక్కా వచ్చేది."

"ఆ చొక్కా ముందు మీకే కుట్టాలి. పోయిన ఏడాదికీ ఇప్పటికీ మీ పొట్ట అరంగుళంతో ఆగలేదు."

ఎదుటివాడు కోపం మర్చిపోయి నవ్వేవాడు. ఆయన మాత్రం నవ్వేవారు కాదు, సూదులు జారిపోతాయని.

నేను చదివింది నాలుగో తరగతి. పెళ్ళయిన కొత్తలో టేపు మీద గీతలు చూసి బెదిరిపోతే, పావు, అర, ముప్పావు వేలు పెట్టి చదివించింది ఆయనే. మాకు పిల్లలు లేరు. ఆ బెంగ పెట్టుకునే తీరిక కూడా మా మరిది కూతురు ఇవ్వలేదు. మరిదివాళ్ళిల్లు మా వెనక వీధిలోనే. బడి నుంచి వచ్చి మా కటింగ్ బల్ల కింద దూరి, రాలిన పీలికల మధ్య కూర్చుని లెక్కలు చేసుకునేది. రెండో తరగతిలోనే అద్దాలు వచ్చాయి. ఆ రోజు నుంచి ఆయన దానికి పెట్టిన పేరు కళ్ళజోడు. ఇప్పుడది పరిశోధనశాలలో ఉద్యోగం చేస్తోంది. తెల్లకోటు, సీసాలు ఉంటాయనుకున్నాం. తీరా చూస్తే ముందు కంప్యూటరు, పక్కన ఇంకో కంప్యూటరు, అంతే.

"ఏం కుడుతున్నావే అందులో పొద్దస్తమానం?" అని అడిగారొక రోజు ఆయన.

"కుట్టను పెదనాన్నా, మడతపెడతాను. మన ఒంట్లో ప్రొటీన్లని ఉంటాయి. పూసల దండలాంటివి. నేను చూసేదాంట్లో దగ్గర దగ్గర ఐదొందల పూసలుంటాయి. దండ అలా వేలాడదు, ముడుచుకుని ఒక ఆకారం తీసుకుంటుంది. ఆ ఆకారం సరిగ్గా ఉంటేనే పని చేస్తుంది. పుట్టుకతోనే ఎవరికైనా ఒక పూస మారిపోయి ఉంటే ఆకారం ఏమవుతుందో, మందు వేస్తే పట్టుకుంటుందో లేదో కంప్యూటర్లో కట్టి చూస్తాం."

"ఐదొందల్లో ఒక్క పూసా? చొక్కాలో ఒక కుట్టు తప్పితే ఎవడికి తెలుస్తుందే?"

"ఎక్కడ తప్పిందో చూడాలి కదా. చంకలో తప్పితే? చెయ్యి పైకెత్తగానే వీధి వీధంతా చూస్తుంది."

ఆ రోజు మాత్రం నవ్వారు. సూదులన్నీ బల్ల మీద రాలాయి. "ఓసి దీని తెలివి తగలెయ్య! ఏమోయ్, విన్నావా, నా పనీ దాని పనీ ఒకటేనట" అని వంటింట్లోకి కేకేశారు.

ఆయనకి మొదటిసారి గుండెనొప్పి వచ్చింది దుకాణానికి కట్టలు ఇచ్చి వస్తుంటే. ఆసుపత్రిలో రెండో రోజుకే స్టెంటు వేశారు. ఇంటికి పంపే ముందు ఒక నర్సమ్మ కాగితాలు పట్టుకుని వచ్చింది. గుండెజబ్బుల మీద పరిశోధన జరుగుతోందట, రెండు సీసాల రక్తం ఇస్తే దాచుకుంటారట, ఇష్టమైతేనే సంతకం పెట్టమంది.

"తీసుకోమ్మా, మా దగ్గర ఎప్పుడూ అరంగుళం ఎక్కువే ఉంటుంది" అని సంతకం పెట్టి చెయ్యి చాపారు. ఆ సంగతి మేమిద్దరం ఆ మర్నాడే మర్చిపోయాం.

అప్పటినుంచి పొద్దున్న ఎనిమిదింటికి ఫలహారం కాగానే ఆ రోజు గది తెరిచి, నాలుగు బిళ్ళలూ ఆయన అరచేతిలో వేసి, నీళ్ళ గ్లాసు పక్కన పెట్టేదాన్ని. పెట్టి, పొయ్యి మీద ఏదో ఉంటే అటు తిరిగేదాన్ని. ఆ తిరగడమే తర్వాత నా ప్రాణం తీసింది.

ఒక గురువారం. పది దాటింది. ముందుగదిలోంచి కత్తెర చప్పుడు వస్తూ వస్తూ ఆగింది. ఆగడం మామూలే, సుద్దతో గీసేటప్పుడు ఆగుతుంది. కానీ మళ్ళీ మొదలవలేదు. ఇంత సేపా అనుకుంటూ వెళ్ళాను. బల్ల మీద బోర్లా వాలి ఉన్నారు, చెవి గుడ్డకి ఆనించి ఏదో వింటున్నట్టు. చంక దగ్గర గుండ్రంగా తిరగాల్సిన సుద్దగీత తిరగలేదు. తిన్నగా గుడ్డ దాటి, చెక్క మీదికి పోయి ఆగింది. సుద్ద వేళ్ళ మధ్యే ఉంది.

అరిచానో లేదో తెలియదు. అరిచానని పక్కింటివాళ్ళు చెప్పారు.

ఆసుపత్రిలో డాక్టరుగారు బయటికొచ్చి, "వేసిన స్టెంటులోనే గడ్డకట్టిందమ్మా. బిళ్ళ వాడేవాళ్ళలో ఇలా అవడం చాలా తక్కువ. మధ్యలో మానేశారా?" అన్నారు.

"లేదండీ."

"రెండు మూడు రోజులేమైనా తప్పాయా?"

"లేదండీ."

"ఒక్క రోజైనా?"

"ఒక్క రోజు కూడా తప్పలేదండీ. నా చేత్తో నేనే ఇచ్చాను."

డాక్టరుగారు నమ్మారో లేదో ముఖం చూస్తే తెలియలేదు. ఇంటికొచ్చి డబ్బా చూశాను. శుక్ర, శని, ఆదివారాల గదులు నిండుగా, సోమవారం నుంచి గురువారం వరకు ఖాళీగా ఉన్నాయి. ఎక్కడా తేడా లేదు.

పరామర్శకి వచ్చినవాళ్ళందరి ముందూ మా ఆడపడుచు ఏడుస్తూనే అనేసింది. "బిళ్ళ చేతిలో పోసేస్తే అయిపోతుందా వదినా? నోట్లో పడిందో లేదో చూడొద్దూ? మా అన్నయ్య కత్తెర పట్టుకుంటే ఒళ్ళు మర్చిపోయే మనిషని నీకు తెలీదూ?"

తమ్ముడు, అంటే మా మరిది, "ఊరుకోవే, వదిన ఎలా చూసుకుందో మాకు తెలీదా" అని కసిరాడు. నాకు మాత్రం లోపల ధైర్యంగానే ఉంది. తప్పలేదు కదా. ఒక్కటీ తప్పలేదు. ఆ ఒక్క మాట పట్టుకునే ఆ రోజులు నిలబడ్డాను.

మూడో వారంలో ఆ మాట కూడా పోయింది.

ఆయన వస్తువులు సర్దుతున్నాను. సుద్దముక్కల కోసం ఓ పాత బిస్కెట్ల డబ్బా ఉండేది. సాయంత్రం పని కాగానే జేబు తిరగేసి అందులో దులిపేసేవారు, ఏముందో చూసుకునేవారు కాదు. ఆ డబ్బాని కాగితం మీద బోర్లించి, పనికొచ్చే ముక్కలు ఏరుతున్నాను. నీలం, ఎరుపు, తెలుపు, గోరంత అరిగినవి, పొడి అయిపోయినవి. ఒక తెల్లముక్క వేళ్ళ మధ్య గుండ్రంగా తగిలింది. అంచులు అరిగి గరగరలాడుతోంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను.

మధ్యలో గీత ఉంది.

సుద్దముక్కకి గీత ఉండదు.

అక్కడే కూర్చుండిపోయాను. కుళాయి కింద పెట్టిన బిందె నిండి, నీళ్ళు గుమ్మం దాకా వచ్చి నా కాలికి తగిలాక లేచాను. ఎలా జరిగిందో నాకు కళ్ళకి కట్టినట్టు తెలుసు. నేను చేతిలో వేసి అటు తిరిగి ఉంటాను. అప్పుడే ఎవరో గుమ్మం ముందు నుంచి మాస్టారూ అని పిలిచి ఉంటారు. మూడు నోట్లో వేసుకుని, నాలుగోది చేతిలో ఉండగానే లేచి, తెల్లగా కనబడేసరికి సుద్దనుకుని జేబులో వేసుకుని ఉంటారు. సుద్దతో పనిచేసేవాళ్ళకి తప్ప ఆ పొరపాటు ఇంకెవరికీ చేతకాదు.

కానీ ఏ రోజు? అది చెప్పేవాళ్ళు లేరు. ఆయన పోవడానికి ముందు రోజా? ముందు వారమా? ఆరు నెలల క్రితమా? దాన్ని లైనింగు ముక్కలో చుట్టి గుండీల సీసా అడుగున పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. డాక్టరుగారికి మూడుసార్లు అబద్ధం చెప్పానన్నమాట. ఆ ఆదివారం నుంచే డబ్బా కడగడం మొదలైంది. గదుల్లో ఇంకేదైనా మిగిలిపోయిందేమోనని వెతికేదాన్ని. ఏమీ ఉండదని తెలుసు. అయినా వేలు పెట్టి చూడకపోతే ఆ వారం తెల్లారేది కాదు.

ఐదు నెలలకి మా మరిదికీ గుండెనొప్పి వచ్చింది. ఆయన కంటే మూడేళ్ళు చిన్న. అదే ఆసుపత్రి, అదే స్టెంటు. మందుల చీటీ తీసుకుని చూశాను. అదే తెల్లబిళ్ళ.

కళ్ళజోడు వాళ్ళ నాన్న మంచం పక్క నుంచి లేచి తిన్నగా డాక్టరుగారి దగ్గరికెళ్ళింది. నేనూ వెనకే ఉన్నాను.

"ఇది ఇచ్చే ముందు జన్యు పరీక్ష చేయించండి సార్. మా పెదనాన్న ఈ బిళ్ళ వాడుతూనే పోయారు. ఒక్క రోజు కూడా తప్పలేదు. మా పెద్దమ్మే ఇచ్చేది. ఆవిడ తప్పలేదంటే తప్పనట్టే. అందుకే నాకు అనుమానం."

డాక్టరుగారు నా వైపు చూశారు. ఇప్పుడు చెబితే? తప్పిందని తెలిస్తే ఇంక అనుమానమెక్కడిది, పరీక్షెందుకు అంటారేమో. చెప్పకపోతే? ఒక అబద్ధం మీద ఆ పిల్ల అంతెత్తున నిలబడి మాట్లాడుతోంది. తల ఊపాను. ఎటు ఊపానో నాకే తెలియదు. అవునన్నట్టుగానే తీసుకున్నారు.

మూడు వారాలకి, ఒక శనివారం పొద్దున్న కళ్ళజోడు వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా వచ్చి కటింగ్ బల్ల మీద కంప్యూటరు తెరిచింది. దాని ముఖంలో రంగు లేదు.

"పెద్దమ్మా, కూర్చో."

"నాన్నకేమైందే?"

"నాన్న బానే ఉన్నాడు. బిళ్ళ మార్చేశారు నిన్న. కూర్చో ముందు."

తెర మీద చుట్టలు చుట్టలుగా రంగురంగుల రిబ్బన్లు కనబడ్డాయి. షాపులో విప్పి పడేసినట్టున్నాయి.

"ఇది కాలేయంలో ఉండే ప్రొటీను. నువ్విచ్చిన తెల్లబిళ్ళ ఉందే, మింగగానే అది మందు కాదు. ఈ ప్రొటీను దాన్ని పట్టుకుని మారిస్తేనే మందవుతుంది."

"అంటే బిళ్ళ తానుగుడ్డ. ఇది కోస్తేనే చొక్కా."

అది నా వైపు అలా చూసింది. "అచ్చంగా అంతే. ఇప్పుడిది చూడు. నాన్నకి ఒక పూస మారింది. ఈ మార్పు ఇంతవరకూ ఏ జాబితాలోనూ లేదు. నా సొంతవాళ్ళది నేను చూడకూడదని, ఎవరిదో చెప్పకుండా నా పక్క సీటు ఆవిడకి ఇచ్చారు. ఆవిడ మారిన పూసతో మొత్తం మళ్ళీ మడతపెట్టి చూసింది. బిళ్ళ కూర్చోవాల్సిన చోటు మూసుకుపోయింది. వంద రకాలుగా తిప్పి పెట్టినా కూర్చోలేదు. కంప్యూటరు మాటొక్కటే నమ్మకూడదు కాబట్టి నాన్న రక్తం తీసి చూశారు. బిళ్ళ వేసుకున్న నాన్నా, అసలు వేసుకోని మనిషీ ఒకటే. గడ్డకట్టడం ఇసుమంత కూడా తగ్గలేదు. అమ్మవైపు నుంచి ఒకటి, నాన్నవైపు నుంచి ఒకటి రావాలి ఇది. నాన్నకి రెండూ అవే."

నాకు వినబడుతోంది, బుర్రకెక్కడం లేదు. అది గొంతు తగ్గించింది.

"పెదనాన్నకి కూడా ఇదే అయ్యుంటే, పెద్దమ్మా..."

లేచి వెళ్ళి గుండీల సీసా తెచ్చి బల్ల మీద బోర్లించాను. గుండీలు నలుదిక్కులా దొర్లాయి. లైనింగు ముక్క విప్పి దాని ముందు పెట్టాను. చెప్పాను, మొత్తం.

అది కళ్ళద్దాలు తీసేసింది. బిళ్ళని కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఎన్నాళ్ళుగా దాచావ్ దీన్ని?"

"ఐదు నెలలు దాటింది."

"ఒక్కదానివే?"

"ఎవరికి చెప్పను? మీ అత్తకా?"

దానికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ముఖం తుడుచుకుని అంది. "నేను నీకు అబద్ధం చెప్పను. తోడబుట్టినంత మాత్రాన ఇద్దరికీ ఒకటే ఉండాలని లేదు. పెదనాన్నకి ఈ మార్పు లేకపోతే బిళ్ళ పనిచేసినట్టే. అప్పుడిది..." అని బిళ్ళ వైపు చూసి ఆగిపోయింది.

"అప్పుడిదే చంపినట్టు."

"అలా అనలేం. కాదనీ అనలేం. ఆసుపత్రిలో అడిగాను, పరిశోధనకని పెదనాన్న ఇచ్చిన రక్తం ఇంకా ఉంది. నువ్వు అర్జీ పెడితే చూస్తారు. పెట్టాలా వద్దా నీ ఇష్టం. తెలుసుకున్నాక తెలియనట్టు ఉండలేవు."

రెండు సీసాల రక్తం! ఆయన చెయ్యి చాపడం, ఆ అరంగుళం మాట, నర్సమ్మ నవ్వడం, అన్నీ ఒక్కసారిగా నా మీద పడ్డాయి. ఆయన ఒంట్లోది ఇంకా ఎక్కడో ఒక గదిలో ఉందా? ఆ సంగతే తట్టుకోలేకపోయాను. ఆ రోజు పొయ్యి వెలిగించలేదు.

సంగతి తెలిసి ఆడపడుచు వచ్చింది. "పోయినవాడి రక్తం ఇప్పుడెందుకు వదినా కెలకడం? అన్నయ్య తిరిగొస్తాడా?"

"రారు. నాకే కావాలి" అన్నాను. ఆవిడకి నేను ఎదురుచెప్పడం ముప్పై ఏళ్ళలో అదే మొదలు.

సోమవారం వెళ్ళి సంతకం పెట్టాను. కాగితంలో సంబంధం అని ఉన్నచోట భార్య అని ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాస్తుంటే, గుమాస్తా "నిదానంగా రాయండమ్మా, తొందరేం లేదు" అన్నాడు. ఇరవై మూడు రోజులు పట్టింది. ఆ మూడు ఆదివారాలూ డబ్బా కడిగాను, ఎప్పటికంటే గట్టిగా.

పిలిచిన రోజు డాక్టరుగారి గదిలో ముగ్గురం. ఆయన, నేను, కళ్ళజోడు. ఆయన కాగితం తిప్పి నా వైపు పెట్టారు, నేను చదవగలిగినట్టు.

"తల్లి నుంచి వచ్చిందీ తండ్రి నుంచి వచ్చిందీ రెండూ అవేనమ్మా. తమ్ముడికి ఉన్నదే ఈయనకీ ఉంది."

"అంటే?"

"ఆ బిళ్ళ ఆయన ఒంట్లో పనిచేసి ఉండదు. మనిషి లేడు కాబట్టి కళ్ళతో చూశానని చెప్పలేను. కానీ తమ్ముడిలో చూశాం కదా."

"ఒకటి తప్పింది డాక్టరుగారూ. మీకు తప్పలేదని చెప్పాను. తప్పింది."

"మీ అమ్మాయి చెప్పింది. ఒకటి తప్పినా, ఏదీ తప్పకపోయినా అక్కడ తేడా ఏమీ ఉండేది కాదు."

ఈ మాట కోసమే కదా ఇన్నాళ్ళు చచ్చి బతికాను. వినగానే బరువు దిగుతుందనుకున్నాను. దిగలేదు. దిమ్మెరపోయాను. నలభై రెండు నిండు వారాలు. చివరి వారంలో నాలుగు రోజులు. మొత్తం రెండు వందల తొంభై ఎనిమిది ఉదయాలు. సుద్దముక్కల్లో పడ్డ ఒక్కటీ తీసేస్తే రెండు వందల తొంభై ఏడు బిళ్ళలు. గుక్కెడు నీళ్ళతో తల వెనక్కి వంచి మింగేవారు. మింగి, "అయింది, ఇవాళ్టికి బతికాం" అని నాకేసి గ్లాసు చాపేవారు.

"మరి అవన్నీ ఏమైనట్టు?" అన్నాను.

"వచ్చినట్టే బయటికి పోయాయమ్మా."

"ముందే చూడొచ్చు కదండీ ఈ పరీక్ష?"

"అందరికీ చెయ్యరు. చేసినా ఆయనకున్న మార్పు అప్పటికి ఎవరికీ తెలియదు. తెలియదనే వచ్చేది. మీ అమ్మాయి పట్టుబట్టబట్టి ఇప్పుడు జాబితాలోకి ఎక్కింది. ఇక ముందు ఎవరికైనా ఇది కనబడితే బిళ్ళ మారుస్తారు." ఆయన కుర్చీలోంచి లేచారు. "ఆ రోజు మిమ్మల్ని మూడుసార్లు అడిగాను. నేను అడగాల్సింది అది కాదమ్మా."

అంత పెద్దమనిషి నా ముందు అలా నిలబడ్డారు. "కూర్చోండి బాబూ" అన్నాను.

సాయంత్రం మా ఇంట్లో అందరూ చేరారు. మరిది తల పట్టుకుని, "అన్నయ్య పోయి నన్ను బతికించాడు వదినా" అన్నాడు. ఆడపడుచు గోడకానుకుని కూర్చుంది. తర్వాత నా పక్కకొచ్చి కూర్చుని, గొంతు బాగా తగ్గించి, "వదినా, ఆ పరీక్షకి నన్నూ తీసుకెళ్తావా? ఒక్కదాన్నే పోవాలంటే భయంగా ఉంది" అంది. ఆ రోజన్న మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. తీసుకెళ్తానన్నాను.

ఇవాళ ఆదివారం. భోజనాలయ్యాయి. గిన్నెలు బోర్లించాను. కళ్ళజోడు ముందుగదిలో కటింగ్ బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని పని చేసుకుంటోంది. చెక్క మీది సుద్దగీత చెరగకుండా కాస్త పక్కకి జరిగి కూర్చుంది. లైనింగు ముక్క విప్పి ఆ బిళ్ళని తీసుకెళ్ళి, బిస్కెట్ల డబ్బాలో సుద్దముక్కల మధ్య వేశాను. ఆయన వేసినచోటే ఉండనీ అనిపించింది.

మందుల డబ్బా అల్మారాలో ఉంది. మూతల మీద వారం రోజుల దుమ్ము సన్నగా పట్టింది. సబ్బు అక్కడే ఉంది, పొడిగుడ్డ ఉతికి ఆరేసే ఉంది, కుళాయిలో నీళ్ళూ వస్తున్నాయి.

"పెద్దమ్మా, డబ్బా నేను కడిగివ్వనా?" అని అడిగింది అది తెర మీంచి కళ్ళెత్తకుండానే.

"వద్దు. ఉండనీ" అన్నాను.